ఎన్ని సైటేషన్లు... ఎన్ని ప్రాణాలు!

శాస్త్రవేత్త గొప్పతనాన్ని ఇవాళ అంకెల్లో చెబుతున్నారు. ఎన్ని పేపర్లు రాశారు, వాటిని ఎందరు ప్రస్తావించారు, హెచ్-ఇండెక్స్ ఎంత... అన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి. మందుల చరిత్రను మలుపు తిప్పిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుకు ఇదే లెక్క వేస్తే ఎంత వస్తుంది? వేసి చూస్తే ఆయన గురించే కాదు, ఆ లెక్క గురించీ చాలా తెలుస్తుంది.

ఏటా జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ‘ప్రపంచ అత్యుత్తమ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్’ అని శీర్షిక, కింద శాలువా కప్పుతున్న ఫొటో. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు 2019 నుంచి వెలువరిస్తున్న జాబితా అది. ఊరికి, కాలేజీకి అది గర్వకారణమే. ఆ జాబితా దేని ఆధారంగా తయారవుతుందో మాత్రం ఆ వార్తల్లో అరుదుగా రాస్తారు. ఆధారం సైటేషన్లు. ఒకరి పరిశోధన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ఎన్నిసార్లు పేర్కొన్నారన్న లెక్క.

ఫార్మకాలజీలో ఆ లెక్కకు ఇంకా బరువెక్కువ. మందు శరీరంలో ఏం చేస్తుంది, శరీరం మందును ఏం చేస్తుంది అని శోధించే శాస్త్రమిది. దీని ఫలితం చివరికి రోగి నోట్లో మాత్రగా చేరాలి. కానీ ఉద్యోగం, పదోన్నతి, పరిశోధన నిధులు నిర్ణయించే బల్ల మీదికి చేరేది పేపర్ల జాబితా. ఆ జాబితాకూ ఈ మాత్రకూ మధ్య ఎంత దూరం ఉండగలదో తెలియాలంటే సుబ్బారావు రికార్డును మించిన ఉదాహరణ లేదు.

వకీళ్ల పుస్తకం నుంచి వచ్చిన ఆలోచన

సైటేషన్లను ఒక క్రమంలో పేర్చవచ్చన్న ఆలోచనను 1955లో ‘సైన్స్’ పత్రికలో ముందుపెట్టిన వ్యక్తి యూజీన్ గార్ఫీల్డ్. ఆయనకు దారి చూపింది అమెరికా న్యాయవాదులు వాడే ‘షెపర్డ్స్ సైటేషన్స్’ అనే సంకలనం. ఒక పాత తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో, దాన్ని సమర్థించారో కొట్టేశారో అందులో చూసుకోవచ్చు. శాస్త్ర పత్రాలకూ అలాంటిదే ఉంటే ఒక భావన ఎక్కడ పుట్టి ఎటు పారిందో పట్టుకోవచ్చని గార్ఫీల్డ్ తలచాడు. 1960లలో వచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఆ ఆలోచన ఫలితమే. అది పుట్టింది దారి వెతకడానికి. మనుషులకు మార్కులు వేసే పని దానికి తర్వాత వచ్చిపడింది.

2005లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు. కనీసం 20 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 20 ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. సులువైన లెక్క కాబట్టి ప్రపంచమంతా పాకింది. దాని ఇరుకు కూడా ఆ సులువులోనే ఉంది. జీవితమంతా కష్టపడి 5 పేపర్లే రాసి, ఒక్కోదానికి 5 వేల సైటేషన్లు తెచ్చుకున్న వ్యక్తి హెచ్-ఇండెక్స్ 5 దగ్గరే ఆగిపోతుంది. సాధారణమైన 20 పేపర్లు రాసి, ఒక్కోదానికి 20 తెచ్చుకున్న వ్యక్తికి 20 వస్తుంది.

నీలిరంగు లెక్క

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సివచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కంటగింపై, ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. తోబుట్టువులిద్దరిని స్ప్రూ వ్యాధి కొద్ది రోజుల తేడాతో బలితీసుకుంది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం పలచబడి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో 1920ల తొలినాళ్లలో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

హార్వర్డ్‌లో జీవరసాయన శాఖకు అప్పుడు ఒట్టో ఫోలిన్ అధిపతి. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి సుబ్బారావు రాసిన పేపర్ 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో అచ్చయింది. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి చెప్పే పద్ధతి అది. నమూనాకు ఆమ్లం, మాలిబ్డేట్ కలిపితే అందులోని ఫాస్ఫేట్ దానితో జతకడుతుంది. దానికి మరో రసాయనాన్ని చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. అంతకుముందున్న పద్ధతులకన్నా ఇది నమ్మకమైనది, త్వరగా ముగిసేది.

ఎముకల జబ్బుల నుంచి ఎంజైముల దాకా ఫాస్ఫరస్‌తో పనిపడిన ప్రతి ప్రయోగశాలా దీన్ని పట్టుకుంది. దశాబ్దాల తరబడి వేలాది పేపర్లు ‘ఫిస్క్–సుబ్బారో పద్ధతి ప్రకారం’ అని రాశాయి. అచ్చువేసిన జర్నలే 2002లో తన చరిత్రలోని మేటి పత్రాలను తలుచుకుంటూ దీన్ని మళ్లీ పాఠకుల ముందుంచింది. ఇవాళ ల్యాబుల్లో సీరం ఫాస్ఫరస్ పరీక్షకు వాడే చాలా కిట్లలో మూలం ఆ మాలిబ్డేట్ చర్యే.

సైటేషన్ల లెక్కలో సుబ్బారావును నిలబెట్టేది ఈ ఒక్క పేపరే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లోకంలో అత్యధిక సైటేషన్లు తెచ్చుకునేవి తరచూ పద్ధతులు చెప్పే పేపర్లే. ప్రొటీన్‌ను కొలిచే విధానంపై 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన పత్రానికి 2014 నాటికే 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అప్పటికి మరే పత్రానికీ అన్ని రాలేదు. లౌరీ అప్పుడు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫార్మకాలజీ శాఖాధిపతి. ఆ విధానంలో వాడిన రసాయనం పేరు ఫోలిన్ రీఏజెంట్. సుబ్బారావు శాఖాధిపతి ఫోలినే దాన్ని రూపొందించాడు. అన్ని లక్షల సైటేషన్లు వచ్చినా అది తన గొప్ప పత్రమేమీ కాదని లౌరీయే నిజాయితీగా చెప్పుకున్నాడు. పనిముట్టును పది మందీ వాడతారు, వాడిన ప్రతివాళ్లూ పేరు రాస్తారు. అంకె అలా పెరుగుతుంది.

ఆలస్యంగా వచ్చిన రంగు

పద్ధతిని కనిపెట్టడంతో పని అయిపోలేదు. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు రావాల్సినంత వేగంగా రాకపోవడం ఫిస్క్, సుబ్బారావుల కంటపడింది. ఇంకొకరైతే పరీక్షలో దోషమనుకుని వదిలేసేవారు. వీళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థమేదో కండరంలో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రమిస్తే మళ్లీ నిండుతుంది. లండన్‌లో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో ఆ పదార్థం జాడ తీశారు.

1929లో వీళ్లు ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే ఏడాది ఆ పని చేశాడు. మన ప్రతి కదలికకూ శక్తినిచ్చే అణువు అదేనని ఇప్పుడు ఇంటర్ విద్యార్థికి కూడా తెలుసు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే సంకోచిస్తుందన్న అంతకుముందటి నమ్మకం ఇలాంటి పరిశోధనలతో కూలిపోయింది. కండరాలపై పరిశోధనకే 1922 నోబెల్ అందుకున్న ఏవీ హిల్, 1932లో ఈ మార్పును విప్లవమనే పిలిచాడు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. ఈ పేపర్ల మీద మొదటి పేరు ఫిస్క్‌దే. ఆ శాఖలోనే పరిశోధన చేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న ఔషధ శాస్త్రవేత్త జార్జ్ హిచింగ్స్ మరో మాట కూడా చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్క్ అసూయ కారణంగా అచ్చుకు నోచుకోలేదని, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని ఆయన అభిప్రాయం. అచ్చు కాని పనికి సైటేషన్ ఎక్కడి నుంచి వస్తుంది?

పేరు చివరికి జరిగిన కాలం

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కు మారారు. త్వరలోనే పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. అక్కడి నుంచి ఆయన పని మందులు చేయించడం. వాటి వెనకున్న ప్రశ్నను ఎంచుకోవడం, మనుషులను జతకలపడం, వైద్యులకు నమూనాలు పంపడం, ఫలితాలు చూసి తర్వాతి అడుగు చెప్పడం. ఔషధ పరిశోధనలో ఇంతకన్నా కీలకమైన పని లేదు. పేపర్ల జాబితాలో ఇంతకన్నా తక్కువగా కనిపించే పనీ లేదు.

ఫోలిక్ యాసిడ్‌నే తీసుకోండి. దాని కథలో మన దేశానికీ చోటుంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై పనిచేసిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, ఈస్ట్ సారంతో వాళ్లు కోలుకుంటున్నారని 1931లో రాసింది. అందులోని పోషకాన్ని అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ 1941లో పాలకూర నుంచి సేకరించి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీ బృందం. 1946లో ‘సైన్స్’లో వచ్చిన ఆ పత్రం మీద 16 పేర్లున్నాయి. సుబ్బారావుది ఏడోది. సైటేషన్ రాసేవాళ్లు దాన్ని ‘ఆంజియర్, ఇతరులు’ అని రాస్తారు. తోబుట్టువులను మింగిన స్ప్రూ మీద ఆ మందు పనిచేస్తుందని క్యూబాలో టామ్ స్పైస్ రోగులకిచ్చి చూపించాడు. సైటేషన్ల లెక్క ప్రకారం ఫోలిక్ యాసిడ్ పనిలో సుబ్బారావు ‘ఇతరులు’.

ఫోలిక్ యాసిడ్‌ను పోలినట్టే ఉంటూ దాని పనిని అడ్డుకునే అణువులు తర్వాతి అడుగు. 1947లో లెడర్లీ రసాయనవేత్తలు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అలాంటి అణువును ప్రకటించారు. పేరు అమైనోప్టెరిన్. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్‌తో మృత్యుముఖంలో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందిలో తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌ను మందుతో ఎదిరించవచ్చన్న ఆశకు అది నాంది. 1948 జూన్ 3న ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో అచ్చయిన ఆ పత్రానికి రచయితలు ఐదుగురు. అందులో సుబ్బారావు లేరు. రెండు నెలలకు, ఆగస్టు 8న, 53 ఏళ్ల వయసులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

అమైనోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ రక్తక్యాన్సర్‌కు, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు రోజూ రాసే మందు. బోదకాలు వ్యాధికి డీఈసీ మాత్ర కూడా లెడర్లీ ప్రయోగశాల నుంచే వచ్చింది. 1947 నాటి ఆ పేపర్ మీద మొదటి పేరు హెవిట్, చిట్టచివరి పేరు సుబ్బారావు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్‌ను మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ వెలికితీసింది కూడా సుబ్బారావు నడిపిన ఆ విభాగంలోనే.

ఐదు వాక్యాలు... 608 సైటేషన్లు

పేరు లేకుండా ప్రాణాలు నిలిపిన పని అటుంచితే, సైటేషన్లు దండిగా ఉండి కూడా కీడు చేసిన రాతలున్నాయి. 1980 జనవరిలో అదే ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్’లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి రాశారు. ఆసుపత్రిలో నల్లమందు జాతి నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డుల్లో వ్యసనంగా మారిన కేసులు నాలుగే కనిపించాయన్నది దాని సారం. అది ఆసుపత్రి పడకల మీద, వైద్యుల కనుసన్నల్లో ఉన్నవారి లెక్క. నెలల తరబడి ఇంటి దగ్గర మాత్రలు వేసుకునేవారి గురించి ఆ ఉత్తరం ఏమీ చెప్పలేదు.

2017లో అదే జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఆ ఉత్తరానికి 608 సైటేషన్లు. వాటిలో 72 శాతం ‘ఈ మందులకు అలవాటుపడటం అరుదు’ అనడానికి దాన్నే సాక్ష్యంగా చూపాయి. 80 శాతానికి పైగా, అది ఆసుపత్రిలో ఉన్న రోగుల సంగతన్న విషయమే ప్రస్తావించలేదు. అమెరికాను ముంచెత్తిన ఓపియాయిడ్ సంక్షోభానికి ఈ తప్పుడు ఉదహరింపులు కూడా తోడయ్యాయని ఆ విశ్లేషకులు తేల్చారు. చివరికి జర్నల్ ఆ ఉత్తరం పక్కన ఒక హెచ్చరికను చేర్చాల్సి వచ్చింది. 608 అన్న అంకె చూస్తే మహత్తర పరిశోధన. ఆ ఐదు వాక్యాలు చదివితే చాలు, అసలు సంగతి తెలిసేది. చాలామంది చదవలేదు, ఎత్తి రాశారు.

ఎంత వాడితే అంత మరుగు

సైటేషన్ల పద్ధతిని పెళ్లిలో చదివింపుల పుస్తకంతో పోల్చవచ్చు. అందులో చదివించినవాళ్ల పేర్లు, మొత్తాలు పైసాతో సహా ఉంటాయి. రాత్రంతా మేలుకుని పందిరి వేసినవాళ్ల పేరు ఏ పుటలోనూ ఉండదు.

దీనికి మించిన చిక్కు ఇంకొకటుంది. ఒక ఆవిష్కరణ అందరి సొత్తు అయ్యేకొద్దీ దాన్ని కనిపెట్టినవారి పేరు రాయడం మానేస్తారని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చెప్పాడు. ఏటీపీ గురించి రాసే శాస్త్రవేత్తలు ఇవాళ 1929 నాటి పత్రాన్ని అరుదుగా ఉదహరిస్తారు. గర్భిణికి ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చే ఏఎన్ఎం రిజిస్టర్లో సైటేషన్ ఉండదు. గోదావరి జిల్లాల్లో, శ్రీకాకుళంలో ఆశా కార్యకర్తలు ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి, కళ్లెదుట మింగించిన డీఈసీ మాత్రలు ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ కలవవు. ఈ తరంలో పిల్లల కాళ్లు వాయకుండా ఉన్నాయంటే అందులో ఆ మాత్రల పాలు ఎంతో. మందు పూర్తిగా గెలిచిన చోట దాని వెనకున్న పేరు కనిపించకుండా పోతుంది.

మనవాళ్ల పేర్లకు ఇంకో సమస్య కూడా ఉంది. యల్లాప్రగడ అన్న ఇంటిపేరు పాశ్చాత్య పత్రికల్లో ‘వై’ అనే ఒక్క అక్షరమైపోయింది. సుబ్బారావు ఒకచోట ఒకే మాటగా, మరోచోట రెండు ముక్కలుగా, రకరకాల వర్ణక్రమాల్లో అచ్చయింది. ఇవాళ కంప్యూటర్ సూచికల్లో రావు, రెడ్డి, కుమార్ పేర్లతో వందల మంది తెలుగు పరిశోధకుల పేపర్లు ఇలాగే ఒకరివి ఒకరి ఖాతాలో పడుతున్నాయి. 2012లో మొదలైన ఓర్కిడ్ అనే ఉచిత గుర్తింపు సంఖ్య దీనికి మంచి మందు. పరిశోధనలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ మొదటి పేపర్‌కు ముందే దాన్ని తీసుకోవాలి.

ఒకరి కీర్తి ఒకరికి కట్టొద్దు

సుబ్బారావుకు దక్కాల్సింది దక్కలేదన్న బాధ మనకు సహజం. ఆ బాధలో ఆయనతో పనిచేసినవాళ్ల పేర్లన్నీ తుడిచేసి, ప్రతి మందునూ ఆయనొక్కరే కనిపెట్టారని రాయడం మాత్రం న్యాయం కాదు. ఆరియోమైసిన్ డగ్గర్‌ది. డీఈసీలో హెవిట్, కుష్నర్ల శ్రమ ఉంది. అమైనోప్టెరిన్ అణువును కట్టింది సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్‌లు. ఆయనకు జరిగిన అన్యాయాన్ని మనం ఇంకొకరికి చేస్తే ఆయన జీవితం నుంచి ఏమీ నేర్చుకోనట్టే. ఇంతమందినీ ఒక దారిలో నడిపించి, ఎనిమిదేళ్లలో ఇన్ని మందులు తెచ్చిన నాయకుడన్న మాట చాలు. అది అబద్ధం అక్కర్లేనంత పెద్ద మాట.

అంకెల కోసం పరుగు

మన కళాశాలల్లో ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ స్కోరు పద్ధతి అధ్యాపకులను పాయింట్ల వెంట పరుగెత్తించింది. వైద్య కళాశాలల్లోనూ పదోన్నతికి పేపర్లు తప్పనిసరి చేశారు. ప్రయోగశాల, సమయం, నిధులు ఇవ్వకుండా పేపర్లు మాత్రం అడిగితే ఏమవుతుందో అదే అయింది. డబ్బు కడితే చాలు, ఏదైనా అచ్చువేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థ పరిశోధకులను మోసపుచ్చిందని 2019లో అమెరికా కోర్టు తేల్చి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అలాంటి జర్నళ్లలో వచ్చిన తప్పుడు మందుల లెక్కను నమ్మి ఏ డాక్టరైనా చీటీ రాస్తే నష్టపోయేది రోగి. ఫార్మకాలజీలో చెత్త పేపర్ కాగితం మీదే ఆగిపోదు.

బయటపడే దారి ఉంది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను, అంటే ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కను బట్టి మనిషిని తూచవద్దని, పనిని చదివి విలువ కట్టమని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్ర పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు ఒక ప్రకటన రూపొందించారు. డోరా పేరుతో అది ప్రపంచమంతా సంతకాలు సేకరించింది. పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో 14 రకాల పాత్రల కింద విడివిడిగా చెప్పే క్రెడిట్ పద్ధతిని చాలా జర్నళ్లు ఇప్పుడు పాటిస్తున్నాయి. ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, పర్యవేక్షణ ఎవరిది అని అందులో పేరుపేరునా ఉంటుంది. 1946లో అది ఉండి ఉంటే ఏడో పేరు చేసిన పనేమిటో లోకానికి తెలిసేది.

ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాలు ఈ రెండింటినీ రేపటి నియామకాల నుంచే అమలుచేయవచ్చు. అభ్యర్థిని 50 పేపర్ల జాబితా అడగకుండా, నువ్వు గర్వపడే మూడు పనులు చెప్పు, అందులో నీ చేయి ఎక్కడుందో చూపించు అని అడగాలి. ఎంపిక సంఘం సభ్యులు ఆ మూడింటినీ కూర్చుని చదవాలి. రక్తం సేకరించిన టెక్నీషియన్, ఎలుకలను చూసుకున్న సహాయకుడు, రాత్రులు లెక్కలు వేసిన పీహెచ్‌డీ విద్యార్థి పేర్లు పేపర్‌లో ఉన్నాయో లేదో విచారించాలి. సైటేషన్ల అంకె కూడా బల్ల మీద ఉండనివ్వండి. దాన్ని చదివిన తర్వాత చూడాలి, చదవడానికి బదులుగా చూడకూడదు.

సుబ్బారావు పేరుతో 1995లో తపాలా బిళ్ల వచ్చింది. విగ్రహాలూ ఉన్నాయి. ఆయనకు మన తరం చేయగల అసలు గౌరవం మాత్రం వేరు. మన ప్రయోగశాలల్లో ఎక్కడో ఇవాళ ఒక కుర్రాడో, అమ్మాయో పరీక్షనాళికలో రంగు ఎందుకు ఆలస్యమైందని ఆలోచిస్తూ ఉండవచ్చు. ఆ ఆలోచనకు మూడేళ్లు పట్టినా పట్టనిచ్చి, ఫలితం వచ్చినప్పుడు పేరును ఉండాల్సిన చోట రాసే వ్యవస్థ మనకు కావాలి. అది కట్టుకోవడానికి కొత్త సూచికలు అక్కర్లేదు. ఎదుటివారి పనిని చదివే ఓపిక, ఎవరి శ్రమ వాళ్లదని ఒప్పుకునే నిజాయితీ ఉంటే చాలు.